మీట కింది మాట

“ఫ్యూజు బాగానే ఉండాది, తీగలూ బాగానే ఉండాయి!” మెకానిక్ ధనంజయ గంట నుంచీ కరెంటునే తిడుతున్నాడు. మళ్లీ మీట నొక్కాడు. యుద్ధం ముగిశాక మదరాసు నుంచి తెప్పించిన మోటారు మూలిగిందే గాని, గోడౌను ఇనుప తలుపు కిందికి దిగలేదు.

“బిన్నా సూడప్పా, ఆలస్యం సేయొద్దు! వానొస్తే శెనక్కాయలన్నీ నానిపోతాయి.” యజమాని సుందరరాజు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ధనంజయ తలుపు గొలుసు వెంట చెయ్యి పోనిచ్చాడు. బస్తాల వెనక దాన్ని ఎవరో స్తంభానికి తాడుతో బిగించారు.

“ఎవురు కట్టింది?” సుందరరాజు అరిచాడు.

“నేనే సామీ,” అంది గోడౌను ఊడ్చే నాగులమ్మ. “మీరే గదా రాయించినారు?” మీట కింది అక్షరాల మీద వేలుపెట్టి కూడబలుక్కుంది. “క... ట్టు. పక్కనే గొలుసుండాది, కట్టినాను. రాత్రిబడికి పోయినాక నేను సదివిన మొదటి మాట సామీ.”

ధనంజయ యజమాని వంక చూశాడు. ఆ మీట కింద తను ‘మూయి’ అని రాయబోతే, వ్యాపారం చేసేచోట అది అపశకునమని, ‘అంగడి కట్టు’ అన్నట్టు ‘కట్టు’ అని రాయించింది ఆయనే.

తాడు కోయగానే తలుపు గడగడా దిగింది. బయట చినుకులు మొదలయ్యాయి.

“రంగు తీసుకురాప్పా. ‘మూయి’ అనే రాయి,” అన్నాడు సుందరరాజు. నాగులమ్మ వైపు తిరిగాడు.

“నువ్వు సరిగ్గానే సదివినావులే.”