తగలాల్సిన కుర్చీలు

"ఒక్క కుర్చీకి కూడా తగల్లేదే," అన్నాడు అధికారి అనుమానంగా.

పుట్టుకతో చూపు లేని ఆ పిల్లను బడిలో చేర్చుకోవచ్చో లేదో తేల్చడానికి వచ్చాడాయన. గదిలో ఆరు కుర్చీలు అడ్డదిడ్డంగా వేయించాడు. నాలుగు చెక్కవి, రెండు హెడ్మాస్టరు గదిలోంచి తెచ్చిన మెత్తవి. పిల్ల నాలుకతో టక్ టక్‌మనిపిస్తూ వాటి మధ్య నుంచి నడిచి వెళ్లి కిటికీ పట్టుకుంది.

"ఆ చప్పుడు దేనికి తగిలి ఎలా తిరిగొస్తుందో విని తెలుసుకుంటుందండీ. మూడు నెలలుగా నేర్పుతున్నాను," అంది టీచరు.

"అదంతా ఫారంలో లేదమ్మా. తగల్లేదంటే చూపున్నట్టు. చూపు లేనివాళ్ల సీటు ఇవ్వడం కుదరదు."

"తగిలితే?"

"సొంతంగా తిరిగే సత్తా లేదని రాయాలి. అప్పుడూ కుదరదు."

బతిమాలడానికి టీచరు నోరు తెరిచేలోగా, కిటికీ దగ్గర్నుంచి పిల్ల అడిగింది. "ఎన్నిటికి తగిలితే కుదురుతుంది సార్?"

అధికారి కాగితాలు తిరగేశాడు. "ఒకటి, రెండయితే ఫరవాలేదు."

"సరే సార్. మళ్లీ నడుస్తా."

తిరిగి వస్తూ పిల్ల ఒక కుర్చీకి మోకాలు తగిలించి "అమ్మా" అంది. కాస్త ముందుకొచ్చి ఇంకోదానికి తగిలించి, ఈసారి మరికొంచెం బాగా "అబ్బా" అంది.

"పాపం, నిజంగానే చూపు లేదు," అంటూ అధికారి తృప్తిగా సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

టీచరు వంగి పిల్ల మోకాళ్లు తడిమింది. "దెబ్బ తగిలిందా తల్లీ?"

"లేదు టీచర్. చెక్కవి గట్టిగా బదులు చెప్పాయి. నోరు మూసుకుని కూర్చున్న రెండిటికే తగిలాను."