గయ్యాళి అత్త కావలెను

"తిట్టమంటే బతిమాలతారేంటమ్మా?" మేనేజరు తల పట్టుకున్నాడు.

పదకొండేళ్లు సాగీ సాగీ, చూసేవాళ్లే అలిసిపోయాక ఆగిన ఒక టీవీ సీరియల్ ఇంటిని అచ్చు గుద్దినట్టు కట్టిన రెస్టారెంటు అది. పక్కనే బారు. టూరిస్టు బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. బల్ల మీద పళ్లెం పెడితే మూడుసార్లు ఉరుము ఉరుముతుంది. బిల్లు తెస్తే వయొలిన్ ఏడుస్తుంది. బారులో 'కోడలి కన్నీళ్లు' అడిగితే గ్లాసు అంచుకు ఉప్పు రాసి ఇస్తారు. అన్నిటికన్నా గిరాకీ మాత్రం అత్తగారి తిట్లకే. ఆవిడ మెట్లు దిగి వచ్చి, ఏదో ఒక టేబుల్ దగ్గర ఆగి, తింటున్నవాళ్లను దులిపేస్తుంది. ఇంట్లో ఒక్క మాట పడనివాళ్లు ఇక్కడ వరసలో నిలబడి మరీ పడతారు.

పాత అత్తగారు గొంతు పోయి మానేసింది. ఆ వేషానికే ఈ పెద్దావిడ వచ్చింది. జీతం ఎంతని అడగనే లేదు. ఉద్యోగం ఖాయమైతే వంటగది వెనక ఒక గది ఇస్తారు. మంచం, లోపల్నించి గడియ పెట్టుకునే తలుపు. ఆవిడకు అది చాలు.

కానీ మూడు రోజులుగా నోరు పెగలడం లేదు. నిన్న ఒకాయనను "నెమ్మదిగా తినండి బాబూ, పొలమారుతుంది" అంది. జనం ఆవలించారు.

"ఇదే ఆఖరి ఛాన్సు," అన్నాడు మేనేజరు. "నాలుగో టేబుల్. ఆఫీసు నుంచి వచ్చిన నలుగురమ్మాయిలు. ఆ పచ్చ చొక్కా అమ్మాయిని పట్టుకోండి."

పెద్దావిడ తొంగి చూసింది. గబుక్కున వెనక్కి జరిగింది.

"ఆ టేబుల్ వద్దు బాబూ. ఇంకెవరినైనా తిడతాను."

"అయితే విగ్గు ఇచ్చేసి ఇంటికెళ్లండి."

ఇల్లు అనే మాట వినగానే ఆవిడ విగ్గు సర్దుకుంది. జానెడు ఎత్తు తెల్ల జుట్టు, వేలెడు మందం కనుబొమలు, పొరలు పొరలుగా పౌడరు. మెడ దగ్గరి మైకు ఎవరి గొంతునైనా సీరియల్ అత్త గొంతులా గరగరలాడిస్తుంది. కన్నతల్లి చూసినా పోల్చుకోలేదు.

ఉరుము ఉరిమింది.

"ఏమ్మా, మూడు పూటలా మెక్కడం తప్ప ఇంకేదైనా చేతనవునా?" మొదటి మాట వణికింది. ఆ తర్వాత ఆవిడే ఆపుకోలేకపోయింది. "గిన్నె తోమితే జిడ్డు పోదు. బట్ట ఉతికితే మురికి పోదు. ఆ ఫ్యాను ఎవరబ్బ సొమ్మని తిరుగుతోంది? చుట్టాలొస్తే ఎదురుగా వచ్చి కూర్చోకు, లోపలే పడుండు. ఆ దగ్గేదో తలుపేసుకుని దగ్గు. నీకు పెట్టే తిండి కుక్కకు పెడితే కాపలా అయినా కాస్తుంది."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

పచ్చ చొక్కా అమ్మాయి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "అబ్బ, ఏం గయ్యాళే బాబూ. ఈవిడ కోడలెవరో గానీ, పాపం, ఎలా వేగుతోందో."

"మీ అత్తయ్య ఎలా ఉంటారే?" అడిగింది స్నేహితురాలు.

"మా అత్తకు నోట్లో నాలుకే లేదు."

మెట్ల చాటున మేనేజరు మొహం వెలిగిపోతోంది. "ఈ డైలాగులు మన స్క్రిప్టులో లేవే. ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదు బాబూ. విని విని నోటికొచ్చేశాయి."

అతను గది తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లాడు.

నాలుగో టేబుల్ వాళ్లు లేచారు. పచ్చ చొక్కా అమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "ఒక్క నిమిషం ఉండండే, ఇంటికి చేస్తున్నా. నేను వెళ్లేసరికి మా అత్త వేడినీళ్లు పెట్టి ఉంచాలి."

మెట్ల చాటున పెద్దావిడ, తన నడుము సంచిలో మోగుతున్న ఫోనును తీసి చూసి, నొక్కి ఆపేసి, కొత్త గది వైపు నడిచింది.