గాల్లో ఉన్నంతసేపు

“దుబాయ్‌లో పొద్దున ఎనిమిదికి ఎక్కితే హైదరాబాదులో ఒంటిగంటకు దిగుతాడట మా అన్న. అంటే అయిదు గంటలా, మాలిక్?”

సత్తెనపల్లి బస్టాండు ఎదుట మాలిక్ నడిపే ఎస్టీడీ బూత్‌లో, ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది నసీమున్నీసా. ఆ అన్న ఆదివారం వస్తున్నది తన కొడుక్కి ఈమె కూతురు సమీరాను ఖాయం చేసుకోవడానికని ఊరంతా తెలుసు. తండ్రి పోయాక చెల్లెల్ని పెంచి పెద్దచేసిన మనిషి. ఆయన ఎదుట గానీ, ఫోన్లో గానీ ఆమె నోట ‘కాదు’ అన్న మాట పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

ఇక సమీరా. శుక్రవారం శుక్రవారం మామయ్యకు ఫోన్ చేయడానికని వచ్చి, ఆయనతో రెండు నిమిషాలు, మాలిక్‌తో అరగంట మాట్లాడి వెళ్ళే పిల్ల. ఆ అరగంట కోసమే వారమంతా బతికేవాడు మాలిక్. అడిగే ధైర్యం లేక నాన్చాడు, ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

“అయిదు కాదు చాచీ. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర వెనక. రెండున్నర వేల కిలోమీటర్లు, గాల్లో ఉండేది మూడున్నర గంటలే.”

“అంతేనా,” అందామె నీరసంగా.

ఆ తర్వాత ఒకటే ప్రశ్నలు. గాల్లో సెల్‌ఫోన్ మోగుతుందా అంది. మోగదు, ఆపేయిస్తారన్నాడు. మధ్యలో దిగిపోతానంటే ఆపుతారా అంది. చెయ్యెత్తితే ఆగడానికి అదేమన్నా పల్లెవెలుగు బస్సా చాచీ అని, ఏడుపు దిగమింగుకుని నవ్వాడు మాలిక్. ఆమె మాత్రం మనసారా నవ్వింది. ఈ వివరాలన్నీ కనుక్కుని రమ్మన్నది సమీరాయేనట. అది వినేసరికి అతనికున్న కాస్త ఆశా చచ్చింది.

వంటవాళ్ళను మాట్లాడటానికి సమీరా నాన్న గుంటూరు వెళ్ళాడనీ, ఆదివారం పొద్దున పదకొండుకల్లా బిర్యానీ దించాలనీ కూడా చెప్పింది. రాత్రికి చల్లారిపోదూ అనుకున్నాడు గానీ, బిర్యానీ గురించి దిగులుపడే స్థితిలో లేడు మాలిక్.

“విమానం దిగాక ఇక్కడికెంతసేపు?”

“కార్లో ఆరు గంటలు. రోడ్డు బాగుంటే.”

“బాగోదులే,” అంది తృప్తిగా. “సరే, మీ అమ్మ దగ్గర టీ తాగే వస్తున్నా. ఆదివారం బూత్ మూసెయ్, మా ఇంటికి రా.”

ఆ సంబరం కళ్ళతో చూడటం అతని వల్ల కాదు. ఆదివారం వాడరేవులో పనుందని అబద్ధమాడాడు.

“ఎక్కడికీ వెళ్ళేది లేదు. నువ్వు లేకపోతే ఎట్లారా?”

సామాన్లు మోయడానికి కాబోలు అనుకుని తల వంచుకున్నాడు. ఆమె లేచి, చెంగు సర్దుకుని, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“పెళ్ళికొడుకువి, కొత్త చొక్కా వేసుకురా.”