ఆరింటి గంట

సంచీ చూడగానే మేనేజర్‌కి తల కొట్టేసినట్టయింది. దళసరి గుడ్డ సంచీ. తెగిన పట్టీకి ఇనుపతీగ అతుకు. శుక్రవారం సాయంత్రం రైలు దిగిన చిన్ననాటి స్నేహితుడు దాన్ని భుజాన వేసుకుని, బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు.

“ఏం తెచ్చావురా, రోలా?”

“కాదులే. వేరేవాళ్ళ వస్తువు. ఆదివారం నాలుగింటికి అప్పజెప్పాలి.”

ఎవరికని మేనేజర్ అడగలేదు. ఎదుటివాళ్ళ సంగతులు వినే అలవాటు అతనికి లేదు. మేనేజర్ అన్నది కూడా తనకు తను తగిలించుకున్న పేరే. దేనికి మేనేజరో చెప్పమంటే వేలితో గాల్లో ఓ సున్నా చుట్టి, “అన్నిటికీ” అంటాడు.

స్నేహితుడు మెకానిక్. చిన్న ఊళ్ళో బస్టాండు మూలమీద తండ్రి పెట్టిన కొట్టు. కొత్త భాగాలు దొరకని పాత యంత్రాలను ఆకురాయితో చేత్తో అరగదీసి బాగుచేస్తాడు. నోట్లో వేలు పెడితే కొరకడు. అలాంటివాణ్ణి రెండు రోజులు నగరం చూపిస్తానని మేనేజర్ ఊరికే పిలవలేదు. కొట్టు అమ్మేసి తన కంపెనీలో భాగస్వామిగా చేరేందుకు కాగితాలు రాయించి పెట్టాడు. ఆదివారం సంతకం. ఆ కొట్టు పోతే మెకానిక్‌కీ, భార్యకీ, ఇద్దరు ఆడపిల్లలకీ వేరే ఆధారం లేదు.

“చెల్లెమ్మ ఏమంది?”

“నీ ఇష్టం అంది. కాకపోతే అన్నయ్య చెప్పేవన్నీ నిజమో కాదో కళ్ళతో చూసి రమ్మంది.”

“చూడు మరి. రెండు కళ్ళు చాలవు నీకు.”

ఫ్లాటు గడియారస్తంభం వెనక వీధిలోనే. పన్నెండేళ్ళుగా మేనేజర్ ఉండేది అందులోనేనట. పన్నెండేళ్ళున్న ఇంట్లో హాలు లైటు వెయ్యడానికి మూడు స్విచ్చులు నొక్కాడు. తెల్లారి కాఫీలోకి పంచదార కోసం వంటింట్లో అరలన్నీ లాగి చూశాడు. పనిమనిషి ఎక్కడ పెట్టి చచ్చిందో అని విసుక్కున్నాడు. మెకానిక్ పంచదార లేకుండానే తాగాడు. వంకలు పెట్టడం కూడా చేతకాని మనిషి.

“పొద్దున్నే లేచినట్టున్నావే,” అన్నాడు.

“ఆరింటికి. నాకు అలారం ఎందుకురా? స్తంభం మీద గంట కొడితే చాలు, కళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. పన్నెండేళ్ళుగా ఇంతే.”

“ఇవాళ కూడా కొట్టిందా?”

“కొట్టక? ఆరూ లెక్కపెట్టుకుని మరీ లేచాను. నువ్వేమో మొద్దునిద్ర.”

“అయ్యుంటుంది,” అన్నాడు మెకానిక్.

ఇక బయల్దేరారు. మ్యూజియంలో మేనేజర్ ముందు గబగబా నడిచి, బొమ్మల కింద అట్టముక్కల మీద రాసినవి చదువుకుని, వెనక్కి తిరిగి అవే సంగతులు తన సొంత చదువన్నట్టు చెప్పాడు. ఒకచోట అట్టముక్క ఊడిపోయి ఉంది. అక్కడ ఆ రాజు పేరు చెప్పకుండా “గొప్పవాడు” అని ఊరుకున్నాడు. మెకానిక్ గంగిరెద్దులా తల ఊపాడు. ఇలా కోతలు కోసేవాడికి అలా వినేవాడు దొరకడమంటే అదృష్టమే.

వంతెన మీద అందరూ నదిని చూస్తుంటే మెకానిక్ కమ్మీల మీద వేలితో కొట్టి చెవి పెట్టాడు.

“ఇనుము చూడ్డానికి ఇంత దూరం వచ్చావా? ఆ సంచీ అయినా ఇంట్లో పెట్టి రావచ్చుగా. నలుగురూ చూస్తున్నారు.”

“నమ్మి ఇచ్చారురా. పోతే నా మాట పోతుంది.”

మధ్యాహ్నం గడియారస్తంభం దగ్గరికి వచ్చేసరికి ముళ్ళు పన్నెండూ పది చూపిస్తున్నాయి. మెకానిక్ తలెత్తి అలాగే నిలబడ్డాడు. ఊరినుంచి వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూసే చూపే అది.

“పన్నెండు గంటలూ కొట్టిందంటావా?”

“ఎందుకు కొట్టదు? మనం ఆ సందు మలుపు తిరుగుతుండగా కొట్టిందిగా.”

“నాకు వినబడలేదే.”

“ఈ రద్దీలో నీకెలా వినబడుతుందిరా? నగరానికి చెవులు అలవాటు పడాలి. నాలుగు నెలలుండు, నీకూ వినబడుతుంది.”

తప్పంతా తన చెవులదే అన్నట్టు మెకానిక్ తల దించుకున్నాడు. పైగా దారిపొడుగునా అడుగుతూనే ఉన్నాడు, గంట చప్పుడు ఎలా ఉంటుంది, ఫ్లాటు దాకా గట్టిగానే వినిపిస్తుందా అని. మేనేజర్ “ఖంగుమంటుంది” అని ఓసారి, “కిటికీ అద్దాలు అదురుతాయి” అని ఓసారి చెప్పాడు. ఇంత బుర్ర తక్కువ మనిషి కొట్టు ఇన్నాళ్ళు ఎలా నడిపాడో అనుకుని లోపల నవ్వుకున్నాడు.

ఆదివారం మూడున్నరకి స్తంభం ఎదుట కాఫీ హోటల్లో కాగితాలు బల్లమీద పరిచాడు. పెన్ను మూత తీసి మరీ అందించాడు.

“పెట్టెయ్ రా. నాలుగు కొట్టేలోపు నీ దశ తిరగాలి. నన్ను పన్నెండేళ్ళుగా రోజూ లేపుతున్న గంట అది. ఇవాళ నీకు మంచి కబురు చెబుతుంది.”

“ఈ పొద్దున కూడా లేపిందా?”

“లేపకపోతే ఇక్కడెలా ఉంటాను?”

మెకానిక్ పెన్నుకి మూత పెట్టి కాగితాల మీద ఉంచాడు.

“కొట్టు ఉండనీరా. పిల్లలకి అదొక్కటే ఉంది.”

మేనేజర్ ముఖం మాడిపోయింది. నూతిలో కప్పవన్నాడు. అడుక్కుతినే రాత ఎవడు మారుస్తాడన్నాడు. రెండు రోజులు నీ వెంట తిరిగి కాళ్ళు అరగదీసుకున్నానన్నాడు. మెకానిక్ సంచీ భుజానికెత్తుకుని రోడ్డు దాటాడు. మేనేజర్ తిట్టుకుంటూ వెనకే వెళ్ళాడు.

స్తంభం అడుగున చిన్న ఇనుప తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో ముసలి కాపలాదారు ఎదురు చూస్తున్నాడు.

“వచ్చారా బాబూ? తెచ్చారా?”

మెకానిక్ సంచీ కిందికి దించి, మూతి విప్పి, పగిలి ఊడిపోయి మూడు నెలలుగా తన కొట్లోనే రిపేరులో ఉన్న గంట సుత్తిని రెండు చేతులా పైకెత్తి అతనికి అప్పజెప్పాడు.