కొండవ్వ నీళ్లు

“ఓ తాతా! నీళ్లకాడ ఏం జేస్తున్నవ్?”

రాములవ్వ కేకకు ముసలాయన ఉలిక్కిపడలేదు. చలివేంద్రంలోని స్టీలు డ్రమ్ము మూతికి ఎర్రంచు తెల్ల తువ్వాలు కట్టి, నిదానంగా ముడి వేస్తున్నాడు.

“వడగట్టనీకి కడ్తున్న బిడ్డా.”

సిద్దిపేట బస్టాండు ఎదురుగా, నరేందర్ స్టీలు సామాన్ల దుకాణాన్ని ఆనుకుని ఉంది ‘కొండవ్వ చలివేంద్రం’. నీళ్లు పోసేది రాములవ్వ, పెత్తనం నరేందర్‌ది. కొండవ్వ ఆయన తల్లి అయ్యుంటుందని అందరూ అనుకునేవారు. ఆయనా కాదనేవాడు కాదు. ఊరికే వచ్చే పుణ్యం ఎవరికి చేదు?

ఆ వేసవిలో ఆయన కుండలు తీయించి ప్లాస్టిక్ క్యాన్లు తెప్పించాడు. పొద్దంతా అవి ఎండలోనే ఉంటున్నాయి; వాటి నీళ్లే డ్రమ్ములో పోస్తున్నారు.

లొల్లి విని నరేందర్ బయటికొచ్చాడు.

“ఏంది పెద్దమనిషీ?”

“క్యాన్లు ఎండల ఉంటే ప్లాస్టిక్ పొట్టు నీళ్లల్ల రాలుతది సారూ. మైక్రోప్లాస్టిక్ అంటరంట. కండ్లకు కనవడది.”

“కనవడనిది నీకెట్ల కనవడ్డది?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలాయన జేబులోంచి మడతలు పడ్డ పేపరు ముక్క తీశాడు.

“గిండ్ల రాసిన్రు. మన బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ. కాగబెడితే ఆ సున్నం గడ్డగట్టి పొట్టును పట్టుకుంటదంట. సల్లారినంక గుడ్డల వడగడితే మొత్తం కాకున్నా చానా మట్టుకు పోతది. మళ్ల కుండల్ల పోద్దాం సారూ.”

“బస్టాండుకంత నీళ్లు కాగబెట్టాల్నా? ఇదేమన్న పెండ్లా?”

“నేను కాగబెడ్త. కట్టెలు నాయే, కష్టం నాదే. పొయ్యికింత జాగియ్యి, సాలు.”

“నీ తువ్వాల్ల వడగట్టిన నీళ్లు జనం తాగాల్నా? నడువ్!”

నరేందర్ తువ్వాలు లాగి రోడ్డు మీదికి విసిరాడు.

ముసలాయన దాన్ని తీసి దులిపాడు. మడత పెట్టుకున్నాడు.

“నీకెందుకు తాతా గీ లొల్లి?” రాములవ్వకే జాలేసింది.

“మంచి పేరు పెట్టిన్రు బిడ్డా. నీళ్లు గూడ మంచిగుండాలె గద.”

ఆ తర్వాత ఆయన చలివేంద్రం దగ్గరికి రాలేదు. రోజూ ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. పలకరించేవాళ్లు లేరు. ఎవరి కోసం వచ్చాడని అడిగినవాళ్లూ లేరు. అన్ని బస్సులు వచ్చిపోయే ఆ చోట అంత ఒంటరి మనిషి మరొకడు లేడు.

“కొండవ్వ కాడ నీళ్లు తాగొద్దాం పా!” అని ఎవరైనా అంటే మాత్రం తలెత్తి చూసేవాడు.

వానలు పడ్డాక ఆయన రావడం మానేశాడు. ఎవరూ గమనించలేదు.

మళ్లీ ఎండలు ముదిరాయి. దుబ్బాక నుంచి రమాకాంత్ వచ్చాడు. చలివేంద్రానికి ఏటా పైసలు తెచ్చిచ్చేది అతనే. ఈసారి చేతిలో బట్టల మూట ఉంది.

“ఇగ పైసలు రావు నరేందరన్నా. పంపేటాయన పోయిండు.”

“అయ్యో, సిద్ధయ్యనా? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న మొఖం సూపియ్యకపాయె.”

“ఆఖరికి మగ్గం మీద ఇవే నేసిండు. నీళ్లు వడగట్టనీకి గీడ ఇయ్యమన్నడు.”

నరేందర్ మూట విప్పాడు. తెల్ల తువ్వాళ్లు. అన్నింటికీ అదే ఎర్రంచు.

ఒక తువ్వాలు తీసి అంచు తడిమాడు. ఎదురుగా ఉన్న బెంచీ వైపు చూడలేకపోయాడు.

“గీ చలివేంద్రం నేనే పెట్టించిన అని ఒక్క మాట అనకపాయె... రోజు గాడ ఎందుకు కూసునేటోడు రమాకాంత్?”

“పిల్లల్లేరు అన్నా. పెండ్లాం పోయినంక ఇంట్ల పలికే దిక్కు లేదు. ‘గాడ కూసుంటే మా కొండవ్వను దినాం నూరుమంది పేరు పెట్టి పిలుస్తుంటే ఇనొచ్చురా’ అంటుండె.”