గోధుమ నారుకు పడ్డ ముడి

"ఈ ముడి ఎవరు వేశారు?"

అమీర్ జాన్ అరిచిన అరుపుకు దుబాయ్ క్రీక్ ఒడ్డున పక్క దుప్పటి మీద కూర్చున్నవాళ్ళు కూడా తినడం ఆపి ఇటు తిరిగారు. ఆయన చేతిలో గోధుమ నారు పళ్ళెం ఉంది. జానెడెత్తు పెరిగిన ఆ పచ్చని నారులో, సరిగ్గా నడిమధ్య, ఎవరో రెండు పోచలు కలిపి ముడి వేశారు.

ఇరానీల కొత్త సంవత్సరం, నౌరోజ్, ఒక్క పూటతో అయిపోయే పండగ కాదు. పన్నెండు రోజులు ఇంట్లో, పదమూడో రోజు ఇంటి బయట. ఆ రోజు గడప దాటకపోతే అరిష్టమట! పండగ బల్ల మీద పెంచిన గోధుమ నారును తెచ్చి నీళ్ళలో వదిలితే ఇంటి పీడంతా దాంతో కొట్టుకుపోతుందని నమ్మకం. వదిలేముందు పెళ్ళి కావలసిన పిల్ల ఆ నారుకు ఒక ముడి వేసి, మనసులో మొగుణ్ణి కోరుకోవాలి.

అమీర్ జాన్ కూతురి మీదికి వెళ్ళాడు. "పొద్దున ముడి వెయ్యమంటే ససేమిరా అన్నావు. కువైట్ సంబంధం వద్దన్నావు. మరి దొంగచాటుగా ఎవణ్ణి తలుచుకుని వేశావు? వాడి పేరు చెప్పు!"

"చెప్పడానికి ఎవరూ లేరు బాబా," అంది పందొమ్మిదేళ్ళ మహీన్. "ఆ కువైట్ ఆయనకు నీకన్నా రెండేళ్ళు ఎక్కువ. నేను చేసుకోను."

"అట్లాగా? అయితే విను. చదువు ఖలాస్. వచ్చే శుక్రవారమే నికా!"

మహీన్ మొహం పాలిపోయింది. తల మాత్రం దించలేదు.

కాస్త అవతల సలాడ్ ఆకులు కడుగుతున్న చంద్రవ్వ చేతులు ఆగిపోయాయి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వండిపెడుతోంది. తల్లి లేని మహీన్‌కు జడ అల్లేది ఆవిడే, జ్వరమొస్తే పక్కన కూర్చునేది ఆవిడే. ఆ పళ్ళెం జోలికి చంద్రవ్వ పోనే లేదు. ఒకరి ఇంటి నారు పరాయివాళ్ళు ముట్టుకోకూడదని ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి ఏడే చెప్పారు. అయినా చెంగుకు చేతులు తుడుచుకుని లేచి వచ్చింది. తెలిసి తెలిసి నిప్పులో చెయ్యి పెట్టడం అంటే ఇదే!

"గా ముడి నేనేసిన, అర్బాబ్."

అక్కడ యజమానిని అందరూ అర్బాబ్ అనే అంటారు. ఆ అర్బాబ్ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"నువ్వా? నువ్వు విధవ్వి కదా!"

"అయితేంది? సచ్చింది నా మొగుడు. నేను గాదు."

పక్క దుప్పటి మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అమీర్ జాన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పనిమనిషివి, మా ఇంటి నారు ముట్టుకుంటావా? నీ పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది, మర్చిపోకు. రేపే వీసా క్యాన్సిల్. బొంబాయి విమానం ఎక్కిస్తా!"

"ఎక్కియ్యి. బీడీలు సుట్టుకోని బతుకుత. ఊర్ల నా పోరగాండ్ల సదువు ఆగితదా, ఆగనియ్యి. గని ఈ పిల్లను ముసలోనికి కట్టబెట్టకు. నన్ను గట్లనే కట్టబెట్టిండ్రు. ముప్పై ఏండ్లకే నా గాజులు పలగ్గొట్టిండ్రు."

మాట గట్టిగానే వచ్చింది. కానీ పిల్లల ఫీజులన్నీ ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి.

"అబద్ధం!" మహీన్ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. "ముడి నేనే వేశాను బాబా. చంద్రవ్వను పంపితే ఆవిడ వెనకే నేనూ పోతాను."

"నువ్వు గమ్మునుండు బిడ్డా. నేనేసిన."

"కాదు, నేను!"

"ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా?" అని పళ్ళెం పట్టుకుని అమీర్ జాన్ విసవిసా తల్లి దగ్గరకు నడిచాడు.

బీబీజాన్ టీ కాగే సమావర్ పక్కన నల్ల చాదర్ కప్పుకుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు. కువైట్ సంబంధం తెచ్చింది కూడా ఆవిడ తమ్ముడే. ఇక అంతా అయిపోయిందనుకుంది చంద్రవ్వ. మహీన్ చంద్రవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, తీర్పు నువ్వే చెప్పు. ముడి వేసింది పనిమనిషైతే రేపే విమానం. మన ఇంటి ఆడదైతే వారంలో ఆ కువైట్ ఆయనతో నికా. ఇంక నేను ఎవరి ఏడుపూ వినను."

బీబీజాన్ తస్బీ పక్కన పెట్టింది. కళ్ళజోడు తగిలించుకుని ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మనవరాలి వంక చూసింది, చంద్రవ్వ వంక చూసింది.

"మన ఇంటి ఆడదైతే నికా. మాట మీద ఉంటావా?"

"ఉంటాను."

"తర్వాత వెనక్కి పోవు కదా?"

"నీ మీద ఒట్టు!"

బీబీజాన్ టీ గ్లాసు అందుకుని తాపీగా ఒక గుక్క తాగింది.

"అయితే ఆ కువైట్ ఆయన్ని త్వరగా రమ్మను నాయనా. పొద్దున మీరంతా కారులో సామాను సర్దుతుంటే ఆ ముడి వేసుకున్నది నేను."