తమ్ముడి బండి

వీరాంజనేయులు చెక్క సుత్తితో మరో దెబ్బ వేశాడు. సిలిండర్ దిగలేదు.

వసారాలో గోనెపట్టా మీద పాత రాజ్‌దూత్ మోటారుసైకిల్ ఇంజను విప్పేసి ఉంది. పిస్టన్ కొత్తది, రింగులు కొత్తవి. అరిగిపోయిన సిలిండర్‌కి సత్తెనపల్లి లేతు షాపులో బోరు కొట్టించుకొచ్చాడు. ఇంత చేసినా రింగులు లోపలికి పోకుండా అంచుకు తట్టుకుంటున్నాయి.

"కొట్టమాకయ్యా. రింగు విరుగుద్ది."

తలెత్తాడు. గుమ్మం ముందు ఒక ముసలాయన. మాసిన పంచె, మోకాళ్ల దాకా దుమ్ము. ఎప్పుడూ చూడని మొహం.

"ఎవరు కావాలి?"

"సుబ్బరావమ్మ గారి ఇల్లు ఇదేనా?"

"మా అమ్మే. మిరపకోతకు పోయింది. పొద్దుగూకేసరికి వస్తుంది."

"అయితే ఉంటాలే. ఆమెతోనే పని."

ఏం పనో అడిగే ఓపిక వీరాంజనేయులుకి లేదు. మళ్లీ సుత్తి ఎత్తాడు.

ముసలాయన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్కడి వల్ల కాదిది. నేను రింగులు నొక్కి పడతా, నువ్వు నిదానంగా దించు."

దించాడు. ఒక రింగు లోపలికి జారింది. రెండోది జారేటప్పుడు సిలిండర్ అంచు ముసలాయన బొటనవేలిని కోసింది. ఆయన చెయ్యి తియ్యలేదు. సిలిండర్ కూర్చున్నాక నెత్తురు పంచెకి తుడుచుకున్నాడు.

"మావాడికీ ఇట్టాంటి బండే ఉండేది. ఇద్దరం కలిసి బిగించేవాళ్లం. ఇది నీదేనా?"

"మా తమ్ముడిది. లక్ష్మీకాంత్."

ఆ పేరు పలికితే చాలు, వీరాంజనేయులు పళ్లు బిగుసుకుంటాయి. కిందటేడు సాగర్ కాలవ కట్ట మీద, నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, పొరుగూరి ఏడుకొండలు వాడి మెడ మీద గొడ్డలేశాడు. పట్టపగలు. కట్ట నిండా జనం. ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. ఏడుకొండలు బెయిలు మీద బయటికొచ్చి మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు.

"బాగుచేసి ఎటు పోవాలని?" అన్నాడు ముసలాయన.

"ఒకడి దగ్గరికి."

ముసలాయన గోడకి ఆనించి ఉన్న వేటకొడవలిని చూశాడు. కొత్తగా సాన పట్టించిన అంచు మెరుస్తోంది.

"పోయి?"

"మా తమ్ముడి మెడ ఎట్టా తెగిందో వాడిదీ అట్టాగే తెగాల."

వీరాంజనేయులు హెడ్డు పెట్టి బోల్టులు బిగించాడు. ముసలాయన ఇంజను కదలకుండా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని బండికెక్కించారు.

"నువ్వు జైలుకి పోతే ఆ తల్లికెవరున్నారయ్యా?"

"ఆమెకి మిగిలిందేముందని?"

"నువ్వు మిగిలావుగా. ఇవ్వాళ్టికి పోమాక. ఆమెని రానీ. నేను చెప్పేది విని, అప్పుడు పోవాలనిపిస్తే పో."

ఆ గొంతులో ఏముందో గానీ వీరాంజనేయులు సరేనన్నట్టు తలూపాడు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువు కాస్త పక్కకి జరిగినట్టనిపించింది.

పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసి కిక్కు కొట్టాడు. రెండు మూడు సార్లు దగ్గి, బండి లేచింది. నీలం పొగ వసారా అంతా కమ్మింది. ఆ డబడబ వింటే తమ్ముడు ఇంటికొచ్చినట్టే ఉంది. వీరాంజనేయులు కళ్లు తుడుచుకున్నాడు. చూస్తే ముసలాయనా తుడుచుకుంటున్నాడు.

బండి చప్పుడు విని లక్ష్మీకాంత్ స్నేహితుడు బుడే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నా, ఈణ్ణెందుకు ఇంట్లో కూర్చోబెట్టావు? ఏడుకొండలు తండ్రి, పిచ్చయ్య."

వీరాంజనేయులు ముసలాయన వైపు తిరిగాడు.

"నిజమేనయ్యా," అన్నాడు పిచ్చయ్య. "నేనొచ్చింది..."

వీరాంజనేయులు అందుకున్న పానా వెళ్లి ముసలాయన దవడకి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఇంజను మోతలోనూ వినిపించింది.

పడిపోయిన మనిషిని కాలితో తన్నాడు. లేవబోతే పానాతో నెత్తి మీద కొట్టాడు. ముసలాయన అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. నెత్తురు నిండిన నోటితో ఒకే మాట అంటున్నాడు.

"అమ్మని... రానీ..."

"మా అమ్మ మాటెత్తుతావా?"

మళ్లీ కొట్టాడు. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు.

"చాలన్నా, చచ్చిపోతాడు." బుడే వెనక నుంచి గట్టిగా పట్టుకుని లాగాడు.

అప్పటికే ముసలాయన కదలడం లేదు. బండి మాత్రం ఆడుతూనే ఉంది. బుడే పోయి దాన్ని ఆపాడు.

సుబ్బరావమ్మ కోత నుంచి వచ్చింది. ఎవరని అడగలేదు. ఆ తలని ఒళ్లో పెట్టుకుని చెంబుతో నోట్లో నీళ్లు పోసింది. నీళ్లు చెంప మీదుగా జారిపోయాయి.

ఎవరూ కబురు పెట్టకముందే ఎస్సై జీపు వచ్చి ఆగింది. ఎస్సై లోపలికొచ్చి, కిందపడి ఉన్న మనిషిని చూసి టోపీ తీశాడు.

"నేనే కొట్టాను సార్," వీరాంజనేయులు రెండు చేతులూ ముందుకు చాచాడు. "వాడు ఏడుకొండలు తండ్రి."

"తెలుసు. ఇంకా రాలేదేంటా అని ఆయన కోసమే వచ్చాను."

ఎస్సై సుబ్బరావమ్మ వైపు తిరిగాడు.

"పొద్దున స్టేషన్‌కొచ్చాడమ్మా. రాసుకుంటానంటే ఆగమన్నాడు. ముందు ఆ తల్లికి చెప్పుకుని, ఆమెని వెంటబెట్టుకొచ్చి ఆమె ముందే రాయిస్తానన్నాడు."

"ఏం రాయిస్తానన్నాడు బాబూ?"

ఎస్సై గొంతు తగ్గింది.

"కాలవ కట్ట మీద నరికింది నా కొడుకే, నేను కళ్లారా చూశాను, కోర్టులో చెబుతాను అని."